పాలు, అప్పు, చీటి: వాటాలు, ఋణపత్రములు, ఉమ్మడి నిధుల మూల సూత్రములు

బెంగళూరు నగరమందలి తెలుగువారి యిండ్లలో పెట్టుబడి మాట వచ్చినపుడు సాధారణముగా మూడు పదములు వినబడును: సైటు, బంగారము, చీటి. వీనికి తోడుగా బ్యాంకు డిపాజిట్టు నుండును. షేర్లు, బాండ్లు, మ్యూచువల్ ఫండ్లు అను మాటలు రాగానే అది చదువుకొన్న పిల్లల వ్యవహారమని పెద్దలు ప్రక్కకు తొలగుదురు. పిల్లలో, సెల్‌ఫోనులో క్షణమున కొని క్షణమున అమ్ముచు, తాము కొన్న వస్తు వెట్టిదో విచారింపరు. పెద్దల భయమునకును పిల్లల తొందరకును మూల మొక్కటే. కాగితము మీద వ్రాసియున్న సంబంధ మెట్టిదో ఉభయులును తెలిసికొనకపోవుటయే ఆ మూలము.

నిజమునకు ఈ సంబంధములు తెలుగు పల్లెకు క్రొత్తవి కావు. పాలునకు చేను చేయువాడు పంటలో భాగము పొందును. పంట పోయినచో వాని భాగమును పోవును. అప్పిచ్చినవానికి పంట పండినను ఎండినను అసలును వడ్డీయు రాబట్టుకొను హక్కు కలదు. కాని పంట రెట్టింపైనదని రెట్టింపు వడ్డీ యడుగుటకు వీలు లేదు. చీటిలో పదిమంది పైకము ఒకచోట చేరును. నడుపువానిని నమ్మి సభ్యులు కట్టుదురు. నేటి వాటా పాలునకును, ఋణపత్రము అప్పునకును, ఉమ్మడి నిధి కొంతవరకు చీటికిని బంధువులు. ఏ కాగితము చేతికి వచ్చినను “ఇది పాలా? అప్పా? ఉమ్మడియా?” అని మొదట అడుగవలెను. ఆ ప్రశ్నకు సమాధానము తెలిసిన పిదపనే లాభనష్టముల విచారణ సాధ్యమగును.

వాటా

ఒక కంపెనీ మూలధనమును సమానములైన చిన్న భాగములుగా విభజింపగా ఒక్కొక్క భాగమునకు వాటా, లేక షేరు, అని పేరు. వాటాదారుడు ఆ మేరకు కంపెనీకి యజమాని. తెలుగువారికి మిక్కిలి పరిచితమైన ఉదాహరణము ఆంధ్రా బ్యాంకు. భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923 నవంబరులో మచిలీపట్టణమున దానిని స్థాపించినపుడు అధీకృత మూలధనము 10 లక్షల రూపాయలు. చెల్లింపబడిన మూలధనము 1 లక్ష రూపాయలు. ఎంతవరకు వాటాలు జారీ చేయుటకు అధికారము కలదో అది అధీకృత మూలధనము. వాటాదారులు వాస్తవముగా చేతినుండి యిచ్చినది చెల్లింపబడిన మూలధనము.

వాటాదారునకు ముఖ్యముగా మూడు హక్కులు కలవు. లాభము పంచినపుడు తన భాగమును, అనగా డివిడెండును, పొందుట ఒకటి. సర్వసభ్య సమావేశమున ఓటు వేయుట రెండవది. కంపెనీ మూతపడినచో అప్పులవారికి చెల్లింపగా మిగిలిన దానిలో భాగము పొందుట మూడవది. ఈ మూడవ హక్కులోనే వాటా స్వభావ మంతయు ఇమిడియున్నది. వాటాదారుడు పంక్తిలో కడపటివాడు. అందరి ఆకులలోను వడ్డించిన పిమ్మట మిగిలినది వానిది. మిగిలినది కొండంత యైనను వానిదే. ఏమియు మిగులకున్నను అడుగుట కెవ్వరును లేరు. అయితే నష్ట మెంత వచ్చినను వాటాకు చెల్లించిన పైకముతో వాని బాధ్యత ముగియును. అప్పులవారు వాని యింటిమీదికి రారు.

యజమాని యగుట శాశ్వతత్వమునకు హామీ కాదు. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయము చేయబడినది. 2001లో దాని వాటాలు మరల ప్రజలకు అమ్మబడినవి. 2020 ఏప్రిల్ 1వ తేదీన ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైనది. ప్రతి 1000 ఆంధ్రా బ్యాంకు వాటాలకు 325 యూనియన్ బ్యాంకు వాటాలు ఇయ్యబడినవి. పేరు పోయినందులకు తెలుగువారు చింతించిరి. కాని వాటాదారుని హక్కు పేరుతో పోలేదు. మరియొక సంస్థలో మరియొక పరిమాణముతో నిలిచినది.

వాటా ఎంత పెరుగగలదో బెంగళూరు చూచినది. 1981లో పుణెలో పుట్టి, 1983లో ఈ నగరమునకు వచ్చిన ఇన్ఫోసిస్ 1993లో ఒక్కొక్క వాటాను 95 రూపాయలకు ప్రజలకు అమ్మజూపినది. ఆనాడు ఆ వాటాలకు చాలినంతమంది కొనువారు రాలేదు. పిమ్మట బోనసులచేతను, విభజనచేతను ఆనాటి ఒక్క వాటా 2018 నాటికి 1,024 వాటాలైనది. ఇచట ఒక సందేహము తీర్చవలెను. బోనసు వచ్చినంతనే ధనము రెట్టింపైనట్లు కాదు. ఒక ముద్దను రెండు ముద్దలు చేసినంత మాత్రమున అన్నము పెరుగదు. వాటాలు రెట్టింపు కాగా ఒక్కొక్కదాని వెల ఆ మేరకు తగ్గును. వాటాదారుని సంపద పెరిగినది ఇన్నేండ్లు కంపెనీ లాభము పెరుగుటవలన.

వాటా ఎంత పడగలదో హైదరాబాదు చూచినది. 1987లో ఆరంభమైన సత్యం కంప్యూటర్స్ తెలుగువారి కీర్తికి చిహ్నముగా పెరిగిన సంస్థ. 2009 జనవరి 7వ తేదీన దాని అధ్యక్షుడు రామలింగరాజు స్వయముగా వ్రాసిన లేఖలో, లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని ఒప్పుకొనెను. ముందునాడు సుమారు 179 రూపాయలున్న వాటా ఆ సాయంకాలమునకు సుమారు 40 రూపాయలకు పడిపోయినది. తరువాత ఆ సంస్థను టెక్ మహీంద్రా కొనినది. 2013లో విలీనము జరిగినపుడు 17 సత్యం వాటాలకు 2 టెక్ మహీంద్రా వాటాలు లభించినవి.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన పెట్టి చదువవలెను. 1993లో ఇన్ఫోసిస్‌ను కొననివాడు మూఢుడు కాడు. 2008లో సత్యంను కొన్నవాడును మూఢుడు కాడు. అవి రెండును పేరొందిన సాఫ్ట్‌వేర్ కంపెనీలే; ఫలితము ముందుగా ఎవ్వరికిని తెలియదు. మనవాడు స్థాపించినదను అభిమానము, ఊరివాడు చెప్పినాడను నమ్మకము లెక్కలకు ప్రత్యామ్నాయములు కావు. ఒక్క కంపెనీలో సర్వస్వమును పెట్టకుండుటయే తెలియనితనమునకు తగిన జాగ్రత్త.

వాటాల క్రయవిక్రయములు జరుగు స్థానమునకు స్టాక్ ఎక్స్ఛేంజి అని పేరు. హైదరాబాదు ఎక్స్ఛేంజి 1943లోను, బెంగళూరు ఎక్స్ఛేంజి 1963లోను ఏర్పడినవి. దేశమంతటి బేరములు కంప్యూటరు ద్వారా ముంబయి నందలి రెండు పెద్ద ఎక్స్ఛేంజీలకు చేరుటచే ప్రాంతీయ ఎక్స్ఛేంజీలకు పని తగ్గినది. హైదరాబాదు ఎక్స్ఛేంజి గుర్తింపు 2007లో రద్దైనది. బెంగళూరు ఎక్స్ఛేంజి 2014 డిసెంబరులో ఆ వ్యాపారమునుండి వైదొలగినది. ఎక్స్ఛేంజిలో ఒకరు అమ్మినదానిని మరియొకరు కొందురు. ఆ పైకము కంపెనీకి చేరదు. అందుచే ఏనాటి వెలయైనను ఆనాటి కొనువారి, అమ్మువారి అభిప్రాయమే. లాభములు పెరుగునను ఆశ యున్నచో వెల పెరుగును, సన్నగిల్లినచో తగ్గును.

ఋణపత్రము

ఋణపత్రము, లేక బాండు, ప్రామిసరీ నోటునకు పెద్దన్న వంటిది. ఇంత పైకము తీసికొంటిమి, ఏటేట ఇంత వడ్డీ చెల్లింతుము, ఫలానా తేదీన అసలు తిరిగి యిత్తుము అని ప్రభుత్వము గాని, నగరపాలక సంస్థ గాని, కంపెనీ గాని వ్రాసియిచ్చు పత్ర మిది. పత్రము కొన్నవాడు ఋణదాత. వానికి ఓటు లేదు, లాభములో భాగము లేదు. కాని చెల్లింపులో వాటాదారునికంటె ముందు స్థానము కలదు.

ఇందులకు ఉదాహరణము బెంగళూరులోనే యున్నది. 1997లో బెంగళూరు నగరపాలక సంస్థ రాష్ట్ర ప్రభుత్వ హామీతో 125 కోట్ల రూపాయల ఋణపత్రములు జారీ చేసినది. భారతదేశమున ఒక నగరపాలక సంస్థ ఇట్లు ఋణపత్రములు జారీ చేయుట అదియే మొదలు. పన్ను కట్టు పౌరులకు ఋణపడు నగర మనునది అప్పటి కొక క్రొత్త భావము.

తెలుగు నగరముల ఋణపత్రములనుండి మరియొక పాఠము నేర్వవచ్చును. 2018 ఫిబ్రవరిలో హైదరాబాదు మహానగరపాలక సంస్థ 200 కోట్ల రూపాయలను 8.90 శాతము వడ్డీకి తెచ్చుకొనినది. అదే సంవత్సరము ఆగస్టులో అమరావతి నిర్మాణమునకై రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ 2,000 కోట్ల రూపాయలను 10.32 శాతమునకు తెచ్చినది. స్థిరపడిన పన్నుల రాబడి గల మహానగర మొకటి. ఇంకను కట్టవలసిన నగరము మరియొకటి. పల్లెలో షావుకారు నికరమైన పొలము గలవానికి తక్కువ వడ్డీకిని, పొలము లేనివానికి ఎక్కువ వడ్డీకిని అప్పిచ్చుట ఎరిగినవారికి ఈ వ్యత్యాసము వింత గొలుపదు. అధిక వడ్డీ బహుమానము కాదు. అది అనిశ్చయమునకు కట్టిన వెల.

వడ్డీ నిశ్చితమైనను, గడువునకు ముందే అమ్మినచో ఋణపత్రపు వెల మారుచుండును. సంవత్సరము గడువు మిగిలిన 100 రూపాయల పత్రము 8 శాతము వడ్డీ యిచ్చునదనుకొందము. సంవత్సరాంతమున దానిపై వచ్చునది 108 రూపాయలు. ఇంతలో క్రొత్త పత్రములకు వడ్డీ 10 శాతమైనచో, పాతదానిని 100 కెవ్వరును కొనరు. సుమారు 98 రూపాయల 18 పైసలకు ఇచ్చినచో మాత్రమే కొన్నవానికి 10 శాతము గిట్టును. ఇట్లు వడ్డీరేట్లు పెరిగినపుడు పాత పత్రముల వెల తగ్గును, తగ్గినపుడు పెరుగును. గడువు ఎంత దీర్ఘమైనచో ఈ హెచ్చుతగ్గు లంత అధికము. గడువువరకు వేచియుండువానికి ఈ చిక్కు లేదు. 2021 నవంబరునుండి సామాన్య పౌరులు రిజర్వు బ్యాంకు వద్ద స్వయముగా ఖాతా తెరచి ప్రభుత్వ ఋణపత్రములను కొనుటకు వీలు కలిగినది.

బ్యాంకు డిపాజిట్టు కూడ స్వభావముచేత అప్పే. డిపాజిట్టుదారుడు బ్యాంకునకు ఋణదాత. 2020 జనవరిలో బెంగళూరునందలి శ్రీ గురు రాఘవేంద్ర సహకార బ్యాంకుపై రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించి, ఖాతాదారులు 35,000 రూపాయలకు మించి తీసికొనరాదని ఆదేశించినపుడు, ముదుసళ్లు పలువురు ఈ సత్యమును కష్టముతో గ్రహించిరి. 2020 ఫిబ్రవరి 4వ తేదీనుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల రూపాయలవరకు డిపాజిట్టు భీమా కలదు. అంతకు మించిన పైకమును ఒకేచోట ఉంచదలచువారు ఈ సంఖ్యను మరువరాదు.

ఉమ్మడి నిధి

వేయి రూపాయలు గలవాడు ఏబది కంపెనీల వాటాలు కొనజాలడు. లక్షమంది తలా వేయి రూపాయలు కూర్చినచో కొనవచ్చును. ఈ ఉపాయమే మ్యూచువల్ ఫండు. నిధికి చెందిన వాటాల, ఋణపత్రముల ఆనాటి మొత్తము విలువనుండి ఖర్చులను తీసివేసి, యూనిట్ల సంఖ్యతో భాగింపగా వచ్చునది ఒక్కొక్క యూనిట్టు నికర విలువ. నిధి వాటాలను కొన్నచో అది పాలుల మూట. ఋణపత్రములను కొన్నచో అప్పుల మూట. రెండును కొన్నచో మిశ్రమము. కావున ఫండు కొన్నాను అని చెప్పుట చాలదు. ఆ మూటలో ఏమున్నదో తెలియవలెను.

భారతదేశమున ఈ పద్ధతి 1964లో యూనిట్ ట్రస్టువారి యూఎస్-64 అను పథకముతో మొదలైనది. 1987లో బెంగళూరు ప్రధాన కార్యాలయముగా గల కెనరా బ్యాంకువారు కాన్‌బ్యాంక్ మ్యూచువల్ ఫండును స్థాపించిరి. యూఎస్-64ను మధ్యతరగతివారు డిపాజిట్టువలె నమ్మిరి. దాని క్రయవిక్రయ ధరలను నిధిలోని ఆస్తుల విలువ ననుసరింపక సంస్థవారే ప్రకటించుచుండిరి. ఆస్తుల విలువ ప్రకటించిన ధరకంటె క్రిందికి పోగా, 2001 జూలైలో యూనిట్ల అమ్మకమును తిరుగు కొనుగోలును ఆరు మాసములు నిలిపివేయవలసి వచ్చినది. 2003లో ఆ పథకము ముగింపబడి, యూనిట్లకు మారుగా ప్రభుత్వ హామీ గల 6.75 శాతపు పన్నులేని ఋణపత్రములు ఇచ్చుటకు ఏర్పాటైనది. పాలుల మూటను అప్పని భ్రమించుటవలన కలిగిన కష్ట మిది.

నిధిని నడుపువారు ప్రతి సంవత్సరము కొంత ఖర్చు తీసికొందురు. అది వినుటకు స్వల్పము. ఒక లక్ష రూపాయలు ఏటికి 10 శాతము చొప్పున 20 సంవత్సరములు పెరిగినచో సుమారు 6 లక్షల 73 వేలగును. ఖర్చు క్రింద ఒక్క శాతము పోయి 9 శాతమే మిగిలినచో సుమారు 5 లక్షల 60 వేలే అగును. ఒక్క శాతము భేదము పెట్టిన అసలుకంటె ఎక్కువైన మొత్తమును హరించినది. వడ్డీపై వడ్డీ మనకు పనిచేసినట్లే ఖర్చుపై ఖర్చు మనకు వ్యతిరేకముగ పనిచేయును.

చిట్ ఫండు అను పేరులో ఫండు అను మాట యుండుటచే పలువురు దానిని ఉమ్మడి నిధితో పొరబడుదురు. ఇరువదిమంది నెలకు 5,000 చొప్పున ఇరువది నెలలు కట్టు చీటిని చూడుడు. ఒక నెల పాటలో ఒక సభ్యుడు 25,000 తగ్గించుకొని 75,000 తీసికొనెను. నడుపువారి కమీషను 5,000 పోగా మిగిలిన 20,000 సభ్యులకు తలా 1,000 వచ్చును. ఇందు బయటి ఆస్తి యేదియు కొనబడలేదు. అవసరము గలవాడు అవసరము లేనివారివద్ద అప్పు తీసికొనెను. తగ్గించుకొన్న పైకమే వడ్డీ. చీటి రూపమున ఉమ్మడి, స్వభావమున అప్పు. 1982 నాటి చిట్ ఫండు చట్టము క్రింద నమోదైన చీటికిని, వీధిలో నోటిమాటపై నడుచు చీటికిని గల భేదమును గమనింపవలెను.

ఏ వర్గమునకును చెందని కాగితములు

“పాలా? అప్పా? ఉమ్మడియా?” అను ప్రశ్నకు సూటియైన సమాధానము రాని కాగితములే మిక్కిలి ప్రమాదకరములు. విజయవాడ కేంద్రముగా 1995లో ఆరంభమైన అగ్రిగోల్డు సంస్థ స్థలము గాని, అధిక లాభముతో పైకము గాని ఇత్తుమని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక మొదలగు రాష్ట్రములలో సుమారు 32 లక్షల ఖాతాదారులవద్ద 6,000 కోట్ల రూపాయలకు పైగా సేకరించి చెల్లింపలేకపోయినది. ఆ కాగితము స్థలముపై హక్కా, అప్పా యను విషయము కట్టినవారికి స్పష్టముగా తెలియదు. బెంగళూరులో 2019 జూన్‌లో కూలిన ఐ.ఎం.ఎ. సంస్థ కట్టినవారిని భాగస్వాములని పిలిచినది. కాని భాగస్వామికి ఉండవలసిన లెక్కల పరిశీలన వారికి దక్కలేదు. పాలు అని చెప్పుచు నెలనెలా తప్పని లాభమును మాట యిచ్చువాడు పాలు స్వభావమునే తారుమారు చేయుచున్నాడు. పంటపై ఆధారపడిన భాగము ప్రతి నెల ఒకే తీరున ఎట్లు పండును?

కావున పైకము కట్టుటకు ముందు విచారింపవలసినవి కొన్ని కలవు. పైకము సేకరించువారు సెబీ, రిజర్వు బ్యాంకు, చిట్ల రిజిస్ట్రారు వంటి అధికారులలో ఎవరివద్ద నమోదైరి? వచ్చునన్న లాభము ఎవరి యే వ్యాపారమునుండి వచ్చును? కావలసినపుడు పైకము ఎట్లు తిరిగి వచ్చును? నష్టము వచ్చినచో మొదట ఎవరు భరింతురు? ఈ నాలుగింటికి తెలుగులో గాని, కన్నడములో గాని, తెలిసిన యే భాషలో గాని అర్థమగునట్లు సమాధానము చెప్పలేనివారికి పైకము ఇయ్యరాదు.

కాలము, విభజన, వారసత్వము

ఏ ధనము దేనియందు ఉంచవలె ననుటకు ముఖ్యమైన కొలత కాలము. ఆస్పత్రి ఖర్చునకు, వచ్చే యేటి కాలేజీ ఫీజునకు కావలసిన పైకము వాటాలయందు ఉండరాదు. అవసరము వచ్చిన నాడే వెల పడియుండవచ్చును. మూడు నాలుగేండ్లకు కావలసినది ఆ గడువునకు సరిపోవు డిపాజిట్టునందో ఋణపత్రమునందో ఉండవచ్చును. పది పదునైదేండ్లవరకు ముట్టనక్కరలేని పైకము మాత్రమే వాటాలలోనికి, వాటాల నిధులలోనికి పోదగినది. సర్వస్వమును వడ్డీలోనే ఉంచుటయు నిరపాయము కాదు. ధరలు 6 శాతము పెరుగుచుండగా 6 శాతము వడ్డీ వచ్చినచో అంకె పెరుగును గాని బియ్యపు బస్తాల సంఖ్య పెరుగదు.

కడపట చెప్పవలసినది పెట్టెలలోని పాత కాగితములను గూర్చి. పూర్వము పెద్దలు కొన్న వాటా పత్రములు ఎన్నో యిండ్లలో ఇంకను పడియున్నవి. 2019 ఏప్రిల్ 1వ తేదీనుండి ఎక్స్ఛేంజీలలో నమోదైన కంపెనీల కాగితపు వాటాలను అమ్మి మరియొకరి పేరికి బదిలీ చేయుట సాధారణముగా నిలిపివేయబడినది. వానిని డీమాట్ ఖాతాలోనికి మార్పించుకొనవలెను. వరుసగా ఏడు సంవత్సరములు డివిడెండు తీసికొననిచో ఆ డివిడెండును, వాటాలును కేంద్ర ప్రభుత్వపు పెట్టుబడిదారుల విద్యా పరిరక్షణ నిధికి పోవును. హక్కుదారులు ఋజువులు చూపి తిరిగి పొందవచ్చును; కాని మరణించిన తండ్రి సంతకము, మారిన ఇంటిపేరు, తప్పిన చిరునామా సరిచూపుటకు వారు పడు శ్రమ అధికము.

ప్రతి గృహస్థుడును తనకు గల వాటాలు, ఋణపత్రములు, యూనిట్లు, డిపాజిట్లు, చీటీలు ఏవియో, ఏ ఖాతాలో ఎవరి పేర నున్నవో, నామినీ ఎవరో, ఒక కాగితముపై ఇంటిల్లిపాదికిని తెలియు భాషలో వ్రాసి ఉంచవలెను. తెలుగు చదువరాని పిల్లలు గల యిండ్లలో కన్నడములోనో ఇంగ్లీషులోనో ప్రక్కనే వ్రాయవచ్చును. ప్రతి పంక్తి కెదురుగా “పాలు”, “అప్పు”, “ఉమ్మడి” అను మూడు మాటలలో ఒకటి వ్రాయవలెను. ఏ పంక్తి కెదురుగ ఏమి వ్రాయవలెనో తోచదో, ఆ కాగితమును గూర్చి మరునాడే విచారణ ఆరంభింపవలెను.